తవుడు గేదెకి, తెల్లన్నం మనకి

మన తెలుగులో ఆకలి వేరు, అన్నహితవు వేరు. ఆకలంటే కడుపు ఖాళీ అవ్వడం. అన్నహితవంటే కంచంలోకి వచ్చిన అన్నం నోటికీ వంటికీ సయించడం. జ్వరం పడి లేచిన మనిషిని పలకరించడానికి వచ్చిన పెద్దవాళ్ళు "ఆకలేస్తోందా?" అని అడగరు. "అన్నహితవు ఎలా ఉంది?" అని అడుగుతారు. వైద్యశాస్త్రం వందేళ్ళు కష్టపడి తెలుసుకున్న తేడా ఒకటి ఆ ప్రశ్నలో ఎప్పటినుంచో ఉంది.

ఇంట్లో ఎవరైనా "సయించట్లేదు" అంటే మనం సాధారణంగా ఏం చేస్తాం? పిల్లలైతే మారాం అంటాం. పెద్దవాళ్ళైతే చాదస్తం అంటాం. బాలింతరాలైతే పథ్యం మీద విసుగు అంటాం. మనిషిలోనే తప్పు వెతుకుతాం తప్ప కంచంలో వెతకం. మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఒకప్పుడు ఇలాగే మనుషుల్లో తప్పు వెతుకుతూ ఉండగా, అసలు తప్పు కంచం నిండా తెల్లగా మెరుస్తూ కూర్చుంది. ఆ కథ మన అందరికీ తెలియాలని రాస్తున్నాను.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు రైల్లో వెళ్తే కిటికీ అవతల కనుచూపుమేరా వరిచేలే. ఇది ఎప్పటినుంచో ఇలాగే ఉందనుకుంటాం. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే విజయవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట వచ్చింది. రెండు నదుల నీళ్ళనీ కలుపుతూ ఏలూరు కాలువ వచ్చింది. రెండు డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు, దానిలోకి తమ్మిలేరు, బుడమేరు, అటు సముద్రంలోకి దారి చూపించే ఉప్పుటేరు. నీళ్ళకి కొదవలేని చోట వరికి కొదవేముంటుంది? మెట్ట ఊళ్ళలో జొన్నన్నం, చోడి అంబలి తిని, పండగకో పబ్బానికో వరి అన్నం చూసిన రోజులు పోయి, పల్లంలో మూడు పూటలా వరి అన్నమే అయింది. తెల్లన్నం తినడం ఇంటి పరువు, పిల్లనిచ్చేటప్పుడు చెప్పుకునే గొప్ప.

ఇప్పుడు ఒక్క వడ్లగింజని చేతిలోకి తీసుకుందాం. పైన ఊక. ఊక కింద సన్నటి గోధుమరంగు పొర, అదే తవుడు. ఒక మూల చిన్న ముక్కులాంటిది, మొలక వచ్చే చోటు. లోపల తెల్లటి పిండి భాగం. మన అమ్మమ్మలు రోకలితో ఒంటిపోటు వేసినప్పుడు ఊక పోయి తవుడు చాలావరకు గింజనంటుకునే ఉండేది. రెండో పోటు, మూడో పోటు వేసినకొద్దీ బియ్యం తెల్లబడేవి, తవుడు చేటలో చేరేది. ఆ తవుడు గేదెకి. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి. వార్చిన గంజి మిగిలితే అదీ కుడితి తొట్టిలోకే. గింజలో ప్రాణం నిలబెట్టే సారమంతా ఇలా మెట్టుమెట్టుగా వంటింటి గుమ్మం దాటి పశువుల పాకలోకి వెళ్ళిపోయేది. ఆ సంగతి ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు.

దాని ఫలితం మాత్రం వైద్యులు చాలా ముందే చూశారు. మాల్కమ్‌సన్ అనే మద్రాసు సైన్యపు వైద్యుడు 1835లో బెరిబెరి అనే జబ్బు మీద ఒక పుస్తకం రాశాడు. కాళ్ళు తిమ్మిరెక్కడం, పిక్కలు పట్టేయడం, పాదాలు నీరు పట్టడం, నాలుగడుగులు వేస్తే ఆయాసం, చివరికి గుండె ఆగిపోవడం. మద్రాసు రాజధానిలో ఈ జబ్బుకి పేరుపడ్డ చోటు ఉత్తర సర్కారులు. సర్కారులంటే ఎక్కడో కాదు. శ్రీకాకుళం, రాజమండ్రి, కొండపల్లి, గుంటూరుతో పాటు మన ఏలూరు కూడా ఆ పాత సర్కారుల్లో ఒకటి.

1835 అంటే ఆనకట్ట లేదు, రైసు మిల్లూ లేదు. కాబట్టి నేరమంతా మిల్లుదే అనడానికి లేదు. పచ్చి వడ్లని బాగా తెల్లగా దంచడం, నాలుగైదుసార్లు కడగడం, గంజి వార్చేయడం, దానిమీద పప్పూ కూరా సరిగ్గా లేకపోవడం, ఈ నాలుగూ కలిస్తే రోకలి కూడా ఆ పని చేయగలదు. మిల్లు చేసిందల్లా కొందరికి వచ్చే కష్టాన్ని అందరి ఇంటికీ చేర్చడం. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో డెల్టా ఊళ్ళలో మిల్లులు వరసగా లేచాయి. రోకలి పోటుకి గంటలు పట్టే తెలుపు మిల్లులో నిమిషాల్లో వచ్చేది.

ఈ జబ్బు గుట్టు మొదట విప్పింది కోళ్ళు. డచ్చివాళ్ళ పాలనలో ఉన్న జావాలో, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, క్రిస్టియాన్ ఐక్మాన్ అనే వైద్యుడి ప్రయోగశాల కోళ్ళకి ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయాయి. కొన్నాళ్ళకి వాటంతటవే బాగుపడ్డాయి. ఆరా తీస్తే, మధ్యలో కొంతకాలం సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం వాటికి మేతగా వేశారని, తర్వాత వచ్చిన కొత్త వంటవాడు "సైన్యం అన్నం కోళ్ళకెందుకు?" అని ఆపేశాడని తేలింది. ముతక బియ్యం మేతతో కోళ్ళు లేచి నడిచాయి. ఆ వంటవాడి పిసినారితనం మానవజాతికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఐక్మాన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. తవుడులో ఉండి తెల్ల బియ్యంలో లేని ఆ వస్తువు కోసం వెతుకుతూనే 1912లో కాసిమిర్ ఫంక్ "విటమిన్" అనే మాట పుట్టించాడు. ఇప్పుడు దాన్ని విటమిన్ బి1 అనీ, తయమిన్ అనీ అంటున్నాం.

ఇక కథ మన వైపుకి వస్తుంది. 1918లో నీలగిరి కొండల మీద కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి విచారణ కోసం ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. అక్కడ పావురాలకి మిల్లు బియ్యమే మేతగా వేసి చూశాడు. కాళ్ళూ మెడా పట్టు తప్పడానికి ముందే ఇంకొకటి జరిగేది. పావురం మేత మానేసేది. ముందు గింజలుండేవి, కానీ ముక్కు పెట్టేది కాదు. చనిపోయిన పక్షుల్ని కోసి చూస్తే జీర్ణాశయం, పేగుల గోడలు పలచబడి నీరసించి ఉండేవి. అంటే ఈ జబ్బు మొదట తాకేది కాళ్ళని కాదు, అన్నహితవుని.

ఇది ఇంకా తేటగా తేల్చింది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ కౌగిల్. 1920ల మొదట్లో ఆయన ఈ విటమిను లేని మేతతో కుక్కల్ని పెంచితే, కొన్ని వారాలకి అవి గిన్నె ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవి. విటమినుని మేతలో కలపకుండా విడిగా ఇచ్చినా అవి మళ్ళీ అదే గిన్నె దగ్గరికి వచ్చి అదే మేత తినేవి. మేత రుచి మారలేదు. మారింది కుక్క లోపలి పరిస్థితి. మనం తిన్న పిండిపదార్థం శక్తిగా మారాలంటే తయమిన్ కావాలి. అది లేకపోతే పొయ్యి నిండా కట్టెలుండి నిప్పు అంటుకోనట్టే. కడుపు, పేగుల కదలిక మందగిస్తుంది, నరాలు నీరసిస్తాయి, మెదడు "ఇక చాలు, పెట్టకు" అంటుంది. పైగా అన్నం ఎంత ఎక్కువ తింటే దాన్ని ఖర్చు పెట్టడానికి తయమిన్ అంత ఎక్కువ కావాలి.

ఇక్కడే ఒక విషవలయం ఉంది. తయమిన్ తగ్గితే హితవు తగ్గుతుంది. హితవు తగ్గిన మనిషి ముందుగా వదిలేసేది ఏమిటి? పప్పు బరువుగా ఉందంటాడు, కూర వెగటుగా ఉందంటాడు. మెత్తటి తెల్లన్నంలో ఇంత చారు పోసుకుని నాలుగు ముద్దలు మింగుతాడు. అంటే తయమిన్ వచ్చే దారులన్నీ తనే మూసేసుకుని, తయమిన్‌ని ఖర్చు చేసే తెల్లన్నం మాత్రం ఉంచుకుంటాడు. ఇంట్లోవాళ్ళు కూడా జాలిపడి అదే పెడతారు.

మరి తమిళులూ అన్నం తినేవాళ్ళే కదా, మలయాళీలూ తినేవాళ్ళే కదా, సర్కారు జిల్లాలకే ఈ జబ్బెందుకు? 1924లో మెక్‌కారిసన్, నోరిస్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి బియ్యానికీ బెరిబెరికీ ఉన్న సంబంధం మీద పెద్ద నివేదిక వేశాడు. జవాబు ఉప్పుడు బియ్యంలో ఉంది. దక్షిణాదిలో చాలామంది వడ్లని నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, ఆ తర్వాత బియ్యం చేసుకుంటారు. ఊక లోపల ఉడికేటప్పుడు తవుడులోని విటమిను గింజ లోపలికి ఇంకిపోతుంది. ఆ తర్వాత మిల్లు పట్టినా, కడిగినా చాలావరకు నిలుస్తుంది. మనవాళ్ళకి ఆ వాసన గిట్టదు. మనకి పచ్చి బియ్యం, అందులోనూ పాత బియ్యం, మల్లెపూవులా విడివిడిగా ఉండే అన్నం కావాలి.

మెక్‌కారిసన్ తర్వాత 1935లో కూనూరు సంస్థకి వచ్చిన వాలెస్ ఐక్రాయిడ్, తన సహచరులతో కలిసి 1940లో భారతదేశపు బియ్యం సమస్య మీద ఇంకో నివేదిక తెచ్చాడు. మన దేశపు ఆహార పట్టికల్లో ఉన్న అంకెలు చూడండి. 100 గ్రాముల దంపుడు బియ్యంలో తయమిన్ 0.21 మిల్లీగ్రాములు. మిల్లు పట్టిన పచ్చి బియ్యంలో 0.06. మిల్లు పట్టిన ఉప్పుడు బియ్యంలో మళ్ళీ 0.21. తవుడులో 2.7. రోజుకి 400 గ్రాముల బియ్యం వండుకునే మనిషికి దంపుడు బియ్యం నుంచి 0.84 మిల్లీగ్రాములు వస్తే, తెల్ల బియ్యం నుంచి పావు మిల్లీగ్రాముకి కూడా తక్కువే వస్తుంది. అదీ కడగకముందు, గంజి వార్చకముందు. కడుగునీళ్ళలో, గంజిలో పోయింది తీసేస్తే మిగిలేది లెక్కపెట్టడానికే సిగ్గుపడాలి. ఆడమనిషికి రోజుకి దాదాపు ఒకటిన్నర మిల్లీగ్రాము కావాలి. ఒంట్లో నిలవ ఉండేది రెండు మూడు వారాలకి సరిపడా మాత్రమే.

ఇప్పుడు చెప్పబోయేది చదవడానికి కష్టంగా ఉంటుంది, కానీ చెప్పకపోతే ఈ చరిత్రలో సగం చెప్పనట్టే.

పురిటి పథ్యం మనందరికీ తెలిసిందే. పప్పు వాతం, ఆకుకూర పైత్యం, దుంపలు వద్దు, నీళ్ళు ఎక్కువ తాగకూడదు. పాత బియ్యపు తెల్లన్నం, కారప్పొడి, కాస్త నెయ్యి. కలిగిన ఇంట్లో అయితే బియ్యం మరీ తెల్లగా దంపించి పెట్టేవారు, బాలింతకి మెత్తగా ఉండాలని. తల్లి పైకి బాగానే ఉంటుంది. కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయంటే పురిటి నీరసం అనుకుంటారు. ఆమె పాలలో చాలినంత తయమిన్ ఉండదు. బిడ్డ రెండో నెల దాకా బొద్దుగా పెరుగుతుంది. ఆ తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి రొమ్ము పట్టదు. కక్కుకుంటుంది. ఏడుస్తుంది కానీ గొంతు బొంగురుపోయి శబ్దం రాదు. ఆయాసపడుతుంది. ఒక్కోసారి తెల్లారేలోపే చేతుల్లో మిగలదు.

చూశారా, ఆ పసిగుడ్డు చెప్పిన మొదటి మాట కూడా "సయించట్లేదు" అనే. రొమ్ము పట్టకపోవడమే దాని భాష. ఇంట్లోవాళ్ళు దిష్టి అన్నారు, బాలగ్రహం అన్నారు, తల్లి పాలు విషమయ్యాయన్నారు. ఐక్రాయిడ్, కృష్ణన్ కలిసి మద్రాసు రాజధానిలో బెరిబెరి ఉన్న ప్రాంతపు శిశుమరణాల లెక్కలు తీసి 1941లో ప్రచురించారు. రెండు నుంచి అయిదు నెలల మధ్య పిల్లలు ఇక్కడ మిగతా చోట్లకన్నా ఎక్కువగా పోతున్నారని అందులో కనబడింది. వరుసగా బిడ్డల్ని పోగొట్టుకుని "దాని పాలు అచ్చిరావు" అనిపించుకున్న తల్లులు ఎందరో. ఆ తల్లుల తప్పేమిటి? ఊరంతా మెచ్చిన పథ్యం తిన్నారు, అంతే.

ఈ బిడ్డలకి మందు దొరికిన కథలోనూ మన నేల పేరుంది. రాబర్ట్ విలియమ్స్ 1886లో నెల్లూరులో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు. రసాయనశాస్త్రం చదివి 1910 నాటికి ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో ఉద్యోగంలో ఉండగా, ఎడ్వర్డ్ వెడ్డర్ అనే సైనిక వైద్యుడు అతని చేతికి తవుడు కషాయం సీసా ఇచ్చి, ఇందులో ప్రాణం పోసేది ఏమిటో కనిపెట్టమన్నాడు. గొంతు పోయి కొట్టుమిట్టాడుతున్న చంటిపిల్లల నోట్లో ఆ కషాయం చుక్కలు వేస్తే గంటల్లో తేరుకునేవారు. విలియమ్స్ ఆ ప్రశ్నని పాతికేళ్ళు వదల్లేదు. పగలు బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో ఉద్యోగం, మిగతా వేళల్లో ఈ పని. 1936లో తయమిన్ నిర్మాణం తేల్చి, దాన్ని కృత్రిమంగా తయారుచేశాడు. ఇప్పుడు ఏ మందులషాపులోనైనా దొరికే బి కాంప్లెక్సు బిళ్ళలో బి1 అదే. మన పశువుల పాకలో కుడితి తొట్టిలో పోసిన దాని కోసం ఆయన పాతికేళ్ళు వెతికాడు.

మరి మనిషికి ఏది లోపించిందో ఒంటికి తెలిస్తే, అది దొరికే తిండి మీదకి మనసెందుకు పోదు? ఈ ప్రశ్న కూడా ఒకరు వేశారు. 1933లో కేంబ్రిడ్జిలో లెస్లీ హారిస్ బృందం బి విటమిను లోపించిన ఎలుకల ముందు రకరకాల మేతలు పెట్టింది. ఒక్కదానిలోనే విటమిను ఉంది. రకాలు కొద్దిగా ఉన్నప్పుడు ఎలుకలు సరైన మేతనే పట్టుకున్నాయి. చాలా రకాలు ఉంటే తికమకపడ్డాయి. అప్పుడు కొన్నాళ్ళు సరైన మేత ఒక్కటే పెట్టి, తర్వాత మళ్ళీ అన్నీ పెడితే, ఈసారి గుర్తుపట్టి దాని దగ్గరికే వెళ్ళాయి. వాటికి తెలిసింది విటమిను రుచి కాదు. తిన్న తర్వాత ఒంట్లో కలిగిన ఓదార్పుని బట్టి ఆ మేతని గుర్తుపెట్టుకున్నాయి. అంటే హితవు నాలుక మీద మొదలై నాలుక మీదే ముగిసేది కాదు. కడుపులోకి వెళ్ళాక ఒళ్ళు చెప్పిన తీర్పు మళ్ళీ నాలుకని దిద్దుతుంది. అయితే ఆ ఎలుకకి సరైన మేత ముందు ఎవరో ఒకరు పెట్టాలి. కంచంలోకి ఒక్కసారైనా రానిదాన్ని ఏ ఒళ్ళూ కోరుకోలేదు.

పేగు ఈ కబురు ఎలా పంపుతుందో వేరే శాస్త్రవేత్తలు ఒక్కొక్కటిగా విప్పారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ పేగు నుంచి రక్తంలోకి రసాయన సందేశాలు వెళ్తాయని చూపారు. చిన్నపేగు మొదట్లోకి నెయ్యి, పప్పు లాంటివి దిగగానే అక్కడి కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను వదులుతాయి. అది పిత్తాశయాన్ని పిండుతుందని 1928లోనే తెలిసింది, కానీ "ఇక చాలు" అని మెదడుకి చెప్పేది కూడా అదేనని 1973లో తేలింది. పేగు కింది భాగం దాకా ఆహారసారం చేరితే జీఎల్‌పీ-1 అనే ఇంకో హార్మోను వస్తుంది. అది కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించి నిండుదనం నిలబెడుతుంది. ఈమధ్య బరువు తగ్గడానికి వాడుతున్న ఇంజెక్షన్లు దానికి నకళ్ళే. కడుపు ఖాళీ అయినప్పుడు "తిను" అని పిలిచే గ్రెలిన్‌ని జపాను శాస్త్రవేత్తలు 1999లో పట్టుకున్నారు.

దీన్ని మన వంటింటి మాటల్లో చెప్పుకుంటే ఇంతే. పేగు కళ్ళు మూసుకుని గొట్టంలా పడి ఉండదు. లోపలికి వచ్చిన ప్రతి ముద్దనీ రుచి చూస్తుంది, లెక్క రాసుకుంటుంది. చారన్నం తొందరగా అరిగి చక్కెరగా పైనే పీల్చుకుపోతుంది, కాసేపటికే మళ్ళీ ఏదో తినాలనిపిస్తుంది. అదే అన్నంలో ముందు పప్పూ నెయ్యీ కలిపి, తర్వాత కూర, ఆ తర్వాత పులుసు, చివర మజ్జిగ వేస్తే పేగు పంపే కబుర్లు నిదానంగా, నిండుగా ఉంటాయి. మన విస్తరి వరసలో ఉన్న తెలివి ఇది. ఆ విస్తరిలో పప్పు పలచబడి, కూర పేరుకి మిగిలి, అన్నం మాత్రం గుట్టయినప్పుడు ఆ తెలివి పోతుంది.

ఇదంతా చెప్పి "మళ్ళీ రోకలి పట్టండి" అని నేను అనను. 1934లో గాంధీగారి అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పుట్టాక దంపుడు బియ్యం కోసం గట్టిగా ప్రచారం జరిగింది. తిండి కోసమూ, దంచి పొట్టపోసుకునే పేద స్త్రీల కూలి కోసమూ కూడా. రెండూ నిజమే. కానీ తెల్లారకముందే లేచి, నెలలు నిండిన కడుపుతో కూడా రోకలి ఎత్తిన ఆడవాళ్ళ నడుము నొప్పి కూడా నిజమే. మిల్లు మన చేతుల్లో రోకలి దించింది. అందుకు దానికి దండం. తెలుపు పిచ్చి మాత్రం మిల్లుది కాదు, మనది. బేరగాడు అడిగిన తెలుపే మిల్లువాడు పడతాడు.

తవుడు ఇప్పుడెక్కడికి పోతోందో తెలుసా? మిల్లుల నుంచి నూనె ఫ్యాక్టరీలకి వెళ్ళి, నూనె తీసిన తవుడు కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకి చేరుతుంది. కన్నాలు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, చెరువులో కర్రలకి కట్టి వేలాడదీస్తే బొచ్చెలు, శీలావతులు వచ్చి పొడుచుకు తింటాయి. ఒకప్పుడు గేదె, ఇప్పుడు చేప. మన జిల్లాల్లో పట్టిన ఉప్పుడు బియ్యం మాత్రం కేరళకి లారీలెక్కి వెళ్తుంది. అక్కడివాళ్ళు "ఆంధ్రా జయ" అని అడిగి మరీ కొనుక్కుంటారు. మనం పండించి, మనం ఉడికించి, వాళ్ళకి పంపి, మనం తెల్లది తింటున్నాం.

బెరిబెరి తర్వాతి దశాబ్దాల్లో మన ఆసుపత్రుల్లో అరుదైపోయింది. పప్పు, పాలు, గుడ్డు, చేప కంచంలోకి రావడం, మందు దొరకడం, వార్చడం పోయి అత్తెసరూ కుక్కరూ రావడం, అన్నీ కలిసి వచ్చాయి. కూనూరులో ఒక్క గదిలో మొదలైన ఆ బెరిబెరి విచారణ సంస్థ పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు రక్తం, నీళ్ళు, కూరగాయల నమూనాలు పట్టుకెళ్ళిన సంస్థల్లో అదీ ఉంది. సర్కారు జిల్లాల జబ్బు పేరుతో పుట్టిన సంస్థ, వందేళ్ళు దాటాక మన వీధుల్లోకి వచ్చిందన్నమాట.

జబ్బు అరుదైంది కానీ పూర్తిగా పోలేదు. కాశ్మీరులో పాలు తాగే పిల్లలకి తయమిన్ లోపంతో ప్రాణం మీదకి రావడం ఇటీవలి ఏళ్ళలోనూ వైద్యులు చూశారు. వేవిళ్ళలో వారాల తరబడి కక్కుకునే గర్భిణులకి, రోజూ తాగే మగవాళ్ళకి, ఒంటరిగా ఉంటూ చారన్నంతో సరిపెట్టుకునే ముసలివాళ్ళకి ఈ లోపం రావచ్చు. తడబడే నడక, కంటిచూపులో తేడా, మతిమరుపు లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. రెండు నెలల బిడ్డ ఉన్నట్టుండి పాలు మానేసి గొంతు పోయి ఆయాసపడుతుంటే దిష్టి తీస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. సమయానికి పడిన ఒక్క ఇంజెక్షను ఆ బిడ్డని నిలబెట్టగలదు.

రేషను బియ్యం గురించి కూడా ఒక మాట. ఇటీవలి ఏళ్ళలో వాటిలో నూటికి ఒకటి చొప్పున కలిపిన గింజలు కొంచెం రంగు తేడాగా ఉండేవి. చాలామంది "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేశారు. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా చేసినవి. అందులోని ఫోలిక్ యాసిడ్‌ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తిన్నది పేగు పీల్చుకోలేని స్ప్రూ అనే జబ్బుకి అన్నని పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ గింజల్లో తయమిన్ తప్పనిసరి కాదు కాబట్టి దానికి వేరే దారి మనమే చూసుకోవాలి.

దారి పెద్ద కష్టమేమీ కాదు. బియ్యం మరీ తెల్లవి కాకుండా ఒంటిపోటువి తెచ్చుకోవడం. నీళ్ళు తేటబడేదాకా కడగకుండా రెండుసార్లతో ఆపడం. వార్చకుండా అత్తెసరు పెట్టడం. వారిస్తే గంజి పారబోయకుండా ఉప్పేసుకుని తాగడమో, పప్పులో చారులో కలపడమో. పాతకాలంలో గంజి తరవాణి కుండలోకి చేరేది, ఆ అలవాటున్న ఇళ్ళలో గంజిలోకి దిగినదంతా మర్నాడు పొద్దున చద్దన్నంతో పాటు తిరిగి కడుపులోకే వచ్చేది. ఇక రోజూ గట్టిపప్పు, వేరుశనగలు, పెసలు. బాలింతకి కూడా. పప్పు వాతమని ఎవరైనా అంటే, పప్పు లేని పథ్యం ఈ జిల్లాల్లో ఏం చేసిందో చెప్పండి.

అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఎవరైనా "సయించట్లేదమ్మా" అంటే కసురుకోకండి. అందరికీ వడ్డించి ఆఖరున కూర్చుని, పప్పు గిన్నె అడుగున ఏమీ మిగలక మజ్జిగన్నంతో లేచిపోయే మనిషి ఆ మాట పైకి కూడా అనదు. ఆ మనిషి మీరే కావచ్చు, మీ కోడలు కావచ్చు, మీ అత్తగారు కావచ్చు. కూర్చోబెట్టి, పప్పు గిన్నె ముందు ఆవిడ దగ్గర పెట్టండి.